కిందికి దింపించిన ("లో" చేయించిన) బైకును మళ్లీ అసలు ఎత్తుకు తేవాలంటే: ఏ దారి ఎవరికి?

హైదరాబాద్‌లో ఎవరో మోజుపడి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్‌నో బజాజ్ అవెంజర్‌నో బాబర్ (నేలకు దగ్గరగా ఉండే కస్టమ్ బైకు) లాగా కిందికి దింపించుకుంటారు. మోజు తీరాక అమ్మేస్తారు. అలాంటి బండ్లు మంచి రేటుకు నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, వనపర్తి వైపు వచ్చేస్తున్నాయి. ఫొటోలో చూస్తే కన్ను తిప్పుకోలేం. ఊళ్లోకి తెచ్చాక మాత్రం ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా సైలెన్సర్ బెండు గీసుకుంటుంది, వెనకాల ఇంకొకరు ఎక్కితే టైరు మడ్‌గార్డ్‌కు తగులుతుంది. అప్పుడు మొదలవుతుంది వెతుకులాట: దీన్ని మామూలు ఎత్తుకు ఎట్లా తేవాలి?

షాపుకు వెళ్లి "హైట్ పెంచాలి" అంటే మొదట మీ చేతిలో పెట్టేది వెనక షాక్ అబ్జార్బర్ల కింద బిగించే ఎక్స్‌టెన్షన్ ముక్కలు. చవక, పావుగంట పని. దయచేసి అక్కడే ఆగండి. బండిని ఏ పద్ధతిలో దించారో ఆ పద్ధతిని వెనక్కి తిప్పితేనే అది సరైన ఎత్తుకు వస్తుంది. స్ప్రింగులు కోసి దించిన బండికి ఒక మందు, ముందు ఫోర్క్ పైపులు జరిపి దించిన బండికి ఇంకో మందు, చక్రాలు మార్చిన బండికి మరొకటి. ఏం చేశారో తెలియకుండా ఎత్తు మాత్రం పెంచితే, నేల నుంచి దూరం పెరుగుతుంది కానీ బండి నడక పాడవుతుంది.

మన రోడ్ల లెక్క వేరు

ఇంత అవసరమా, కొంచెం జాగ్రత్తగా నడుపుకుంటే పోదా అనేవాళ్ల కోసం ఒక చిన్న లెక్క. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రటి స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, పొడవు 3.7 మీటర్లు, వంపు వ్యాసార్థం 17 మీటర్లు. క్లాసిక్ 350 రెండు చక్రాల మధ్య దూరం 1,390 మిల్లీమీటర్లు. అంటే అలాంటి బ్రేకర్ మీదికి బండి మొత్తం ఎక్కేస్తుంది, రెండు చక్రాలూ దాని మీదే ఉంటాయి. అప్పుడు బండి కడుపు కిందికి పొడుచుకొచ్చేది 14 మిల్లీమీటర్లే. లో చేసిన బండి కూడా హాయిగా దాటుతుంది.

మన ఊళ్లలో పోసే బ్రేకర్లు అలా ఉండవు. యాక్సిడెంట్ అయిన మర్నాడు ఊరివాళ్లే కాంక్రీట్ తెచ్చి పోసిన గట్లు అవి. వెడల్పు రెండు మూడడుగులు, ఎత్తు నాలుగంగుళాలు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ. ముందు చక్రం దిగిపోయాక, వెనక చక్రం ఎక్కకముందు, ఆ గట్టు సరిగ్గా ఇంజన్ కిందికి వస్తుంది. పాత క్లాసిక్ 350కి కంపెనీ ఇచ్చిన గ్రౌండ్ క్లియరెన్సే (నేలకూ బండి కడుపుకూ మధ్య దూరం) 135 మిల్లీమీటర్లు. రెండంగుళాలు దించితే 85 మిగులుతుంది. నాలుగంగుళాల గట్టు మీద ఎవరూ కూర్చోకుండా తోసుకుపోయినా తగలాల్సిందే. 2021లో వచ్చిన కొత్త క్లాసిక్‌కు 170 ఇచ్చారు కాబట్టి దించాక కూడా 120 ఉంటుంది. కానీ ఇద్దరెక్కితే స్ప్రింగులు దిగుతాయి, గుంతలో పడితే ఇంకా దిగుతాయి.

ఇక వరి కోతల కాలంలో మిర్యాలగూడ, హాలియా వైపు రోడ్డులో సగం వడ్లే ఉంటాయి, పక్కన వరసగా రాళ్లు పెడతారు. చివరి క్షణంలో బండిని వంచాల్సి వస్తుంది. శ్రీశైలం పోయేవాళ్లకు మన్ననూరు దాటాక దోమలపెంట, ఈగలపెంట మలుపులు తెలిసినవే. లో చేసిన బండిని వంచితే ఫుట్‌రెస్ట్, స్టాండు ముందే నేలకు తగులుతాయి. మలుపు మధ్యలో గట్టి భాగమేదైనా నేలను తాకితే చక్రం పట్టు తప్పుతుంది. ఎత్తు తిరిగి తేవడానికి నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద కారణం ఇదే.

పైసా ఖర్చు పెట్టకముందు టేపుతో కొలవండి

మీ బండి మోడలే, ఏమీ మార్చనిది, తెలిసినవాళ్ల దగ్గర ఒకటి దొరుకుతుంది. లేదంటే షోరూం ముందు నిలబెట్టి ఉంటుంది, అడిగితే కాదనరు. రెండు బండ్లనూ చదునైన చోట నిలువుగా పట్టుకోమని ఒకరికి చెప్పి కొలవండి. టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత ఉండాలి, లేకపోతే కొలత తప్పుతుంది.

వెనక షాక్ అబ్జార్బర్ పై బోల్టు మధ్య నుంచి కింది బోల్టు మధ్య వరకు ఒక కొలత. వెనక యాక్సిల్ మధ్య నుంచి సరిగ్గా దానిపైన చాసిస్ మీద ఉన్న ఏదో ఒక బోల్టు వరకు రెండో కొలత. ముందు యాక్సిల్ నుంచి ఫోర్క్ పైపులను పట్టుకునే కింది టీ అంచు వరకు మూడోది. హ్యాండిల్ దగ్గర పై టీ నుంచి పైపులు ఎంత పైకి పొడుచుకొచ్చాయో అదీ చూడండి. చివరగా టైర్ల మీది నంబర్లు రాసుకోండి. ఈ నంబర్లనే చాలామంది వదిలేస్తారు, పోయిన ఎత్తులో కొంత అక్కడే దాక్కుని ఉంటుంది.

ఎట్లాగంటే, కొత్త క్లాసిక్ వెనక టైరు 120/80-18. 120లో 80 శాతం అంటే 96, పైనా కిందా కలిపి 192. రిమ్ము 18 అంగుళాలు, అంటే 457 మిల్లీమీటర్లు. మొత్తం వ్యాసం 649. కస్టమ్ చేసినవాళ్లు లావుగా కనిపించాలని అవెంజర్‌కు వచ్చే 130/90-15 సైజు వేశారనుకోండి. దాని వ్యాసం 615. తేడా 34, అందులో సగం, అంటే 17 మిల్లీమీటర్లు బండి కిందికి దిగినట్టే. ముందు 100/90-19 తీసి 130/90-16 వేస్తే అక్కడ 11 మిల్లీమీటర్లు పోతాయి. ఈ 17నీ 11నీ ఏ షాక్ అబ్జార్బరూ తిరిగి ఇవ్వదు. ఇవ్వాలని చూస్తే వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ కిందికి వంగి చైన్ నడిచే కోణం పాడవుతుంది. చక్రాలు మార్చిన బండికి ముందు పాత సైజు రిమ్ములు, టైర్లు వెతకండి, మిగతా పని తర్వాత.

ముందు వైపు: రెండే రకాలు

పైపులను టీలలో పైకి జరిపి దించిన బండి మీదైతే అదృష్టవంతులు. కొనాల్సింది ఏమీ లేదు, కూలి చాలు. ఇంజన్ కింద జాకీ పెట్టి బరువు దానిమీద ఆపి, టీ బోల్టులు వదులు చేసి, పైపులను కంపెనీ ఉంచిన చోటికి దించాలి. రెండు పైపులూ ఒకే ఎత్తున ఉండాలి, ఒక మిల్లీమీటరు తేడాను కూడా ఒప్పుకోకండి. బిగించే ముందు యాక్సిల్‌ను చేత్తో తోసి చూడండి. సుత్తి అవసరం లేకుండా జారిపోతే పైపులు సమంగా ఉన్నట్టు. బోల్టులను కంపెనీ చెప్పిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించమనండి. ఎక్కువ బిగిస్తే పైపు నొక్కుకుపోయి ఫోర్క్ పట్టేస్తుంది.

పాత బుల్లెట్ల లాంటి బండ్లలో పైపులు హెడ్‌లైట్ డోమ్‌లోకే బిగుస్తాయి, జరపడానికి చోటుండదు. వాటిలో ముందు వైపు దిగిందంటే చాలావరకు స్ప్రింగులు కోసి ఉంటారు, లేదా లోపల ముక్కలు పెట్టి ట్రావెల్ (ఫోర్క్ దిగే దూరం) తగ్గించి ఉంటారు. ఇక్కడ మెకానిక్ రెండు దార్లు చెప్తాడు. ఒకటి, కోసిన స్ప్రింగు మీద పైపు ముక్క పెట్టి పొడవు సరిచేయడం. రెండు, కొత్త స్ప్రింగులు వేయడం.

ముక్క పెడితే ఎత్తు వస్తుంది, అది నిజమే. కానీ స్ప్రింగు చుట్లు తగ్గితే అది గట్టిపడుతుంది. పదిలో ఒక వంతు చుట్లు కోస్తే సుమారు 11 శాతం గట్టిపడుతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. మామూలు స్ప్రింగు ఫోర్క్ పూర్తిగా దిగేంతవరకు నొక్కుకునేలా తయారవుతుంది. చుట్లు తక్కువైనది అంతదూరం నొక్కుకోలేదు. పెద్ద గుంతలో పడ్డప్పుడు ఫోర్క్‌కు ఇంకా దిగే దూరం ఉండగానే చుట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుపోతాయి, దెబ్బ నేరుగా చేతులకు, హ్యాండిల్ తిరిగే చోట ఉండే బాల్ రేసర్లకు తగులుతుంది. క్లాసిక్ ఫోర్క్‌కు 130 మిల్లీమీటర్ల ట్రావెల్ ఇచ్చింది మన రోడ్ల కోసమే, దాన్ని ముక్కతో పోగొట్టుకోవద్దు. కంపెనీ స్ప్రింగుల జత కొనండి. ఎలాగూ ఫోర్క్ విప్పుతున్నారు కాబట్టి ఆయిల్ సీళ్లు కూడా అప్పుడే మార్పించండి. ఫోర్క్ ఆయిల్ రెండు వైపులా కొలిచి ఒకే లెక్కన పోయించండి. కళ్లతో చూసి పోసే అలవాటు షెడ్లలో ఉంది, కొలత గ్లాసు తెమ్మని పక్కనే నిలబడి అడగండి.

వెనక వైపు: నాలుగు దార్లు

మొదటిది ఎక్స్‌టెన్షన్ ముక్కలు. వీటి మీద నా అభిప్రాయం స్పష్టం, వేయకండి. షాక్ అబ్జార్బర్ కింది కంట్లో (బోల్టు దూరే రంధ్రంలో) రబ్బరు బుష్ ఉంటుంది. బరువు పడ్డప్పుడు ఆ కంటి దగ్గర కొంచెం తిరుగుతూ బలాన్ని నిలువునా తీసుకుంటుంది. మధ్యలో ఇంకో ముక్క దూర్చితే అక్కడ రెండో కీలు పుట్టుకొస్తుంది. అది మడతపడకుండా ఒక చిన్న బోల్టుతో బిగదీస్తారు. ఇక గుంత గుంతకూ ఆ బోల్టును వంచే బలమే పనిచేస్తుంది. ఒకవైపు విరిగితే స్వింగ్ ఆర్మ్ మెలికపడుతుంది. అరవై స్పీడులో ఇద్దరితో పోతున్నప్పుడు అది జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

రెండోది కంపెనీ షాక్ అబ్జార్బర్ల కొత్త జత. ఊళ్లో తిరగడానికి, పొలానికి పోవడానికి, నెలకోసారి హైదరాబాద్ పోయి రావడానికి బండి వాడేవాళ్లందరికీ నేను చెప్పేది ఇదే. పొడవు, గట్టిదనం, బుష్ సైజు అన్నీ చాసిస్‌కు తగ్గట్టు ఉంటాయి, సందేహమే అక్కర్లేదు. కొత్త క్లాసిక్‌కైతే ప్రీలోడ్ (స్ప్రింగును ముందే ఎంత నొక్కి ఉంచాలన్న సెట్టింగ్) ఆరు మెట్లలో మార్చుకోవచ్చు. పార్టు నంబరు కోసం మీ మోడల్ ఏడాది చెప్పండి. పాత క్లాసిక్‌వీ కొత్త క్లాసిక్‌వీ ఒకటి కావు, పేరు ఒకటే కదా అని తెచ్చుకుంటే డబ్బులు పోతాయి.

మూడోది వాడిన కంపెనీ షాక్‌లు. ఇందులో మంచి బేరం ఉంది, చెడ్డ బేరమూ ఉంది. కొత్త బండి కొని నెలలోనే గ్యాస్ షాక్‌లు వేయించుకునేవాళ్లు ఉంటారు, వాళ్ల దగ్గర విప్పిన కంపెనీ జత దాదాపు కొత్తదే. అలాంటిది దొరికితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. హైదరాబాద్ పుత్లీబౌలి వైపు పోయి వెతికితే జతలు దొరుకుతాయి, కానీ అక్కడ కళ్లు తెరిచే ఉండాలి. రాడ్డు మీద నూనె జిడ్డు ఉంటే సీలు పోయింది. రాడ్డు మీద గోరు తగిలేంత గీత ఉన్నా వద్దు. రెండిటినీ నేలకు ఆనించి బరువంతా వేసి నొక్కి వదలండి. నెమ్మదిగా, రెండూ ఒకేలా పైకి రావాలి. టపీమని ఎగిరితే లోపల డ్యాంపింగ్ (ఊపును ఆపే బలం) లేదు. ఒక బండిది ఒకటి, ఇంకో బండిది ఒకటి కలిపి జత అని అమ్మినా తీసుకోకండి.

నాలుగోది బయటి కంపెనీల గ్యాస్ షాక్‌లు. తరచూ ఇద్దరితో దూరం పోయేవాళ్లకు, జాతీయ రహదారి మీద గంటల తరబడి నడిపేవాళ్లకు వీటివల్ల తేడా తెలుస్తుంది. పెట్టాల్సిన షరతు ఒకటే: కంటి నుంచి కంటి దాకా పొడవు మీ మోడల్‌కు కంపెనీ ఇచ్చినంతే ఉండాలి. "ఇంకో అంగుళం పొడుగువి వేస్తే ఇంకా ఎత్తు వస్తది కదన్నా" అని షాపులో నచ్చజెప్తారు. ఒప్పుకోకండి. వెనక మాత్రమే రెండంగుళాలు ఎత్తితే 1,390 మిల్లీమీటర్ల చక్రాల దూరం మీద బండి రెండు డిగ్రీలు ముందుకు వాలుతుంది. ముందు ఫోర్క్ నిటారుగా మారుతుంది, హ్యాండిల్ తేలికై వణుకు మొదలవుతుంది. రెండు డిగ్రీలు వినడానికి చిన్నదే కానీ స్పీడు పెరిగేకొద్దీ చేతులకు బాగా తెలుస్తుంది. వెనక మాత్రమే దించిన బండికైతే దీనికి తిరగబడిన సమస్య: హ్యాండిల్ బరువుగా తిరుగుతుంది, హెడ్‌లైట్ ఆకాశం వైపు చూస్తుంది. అందుకే ముందూ వెనకా రెండూ ఒకేసారి అసలు కొలతకు రావాలి. డబ్బులు ఇప్పుడు సగమే ఉన్నాయంటే వెనక పని చేయించి ముందుది తర్వాత చూద్దాం అనుకోవద్దు, రెండిటికీ కూడాక చేయించండి.

వెనక ఒకే షాక్ (మోనోషాక్), దాన్ని చక్రం వైపు కలిపే లింకేజి ఉన్న బండ్లది వేరే కథ. హిమాలయన్ లాంటి వాటిని దించడానికి లింకు పట్టీలను పొడుగువి వేస్తారు. కంపెనీ పట్టీలు తిరిగి వేస్తే పని అయిపోతుంది. షాక్ మార్చాల్సిన అవసరమే లేదు.

ప్రీలోడ్ గట్టిగా తిప్పితే సరిపోతుందని చెప్పేవాళ్లూ ఉన్నారు. మీరు కూర్చున్నప్పుడు బండి కొంచెం తక్కువ దిగుతుంది, అంతే. పొట్టి షాక్ అబ్జార్బర్ పొడుగు కాదు.

చాసిస్ కోసి ఉంటే

వెనక షాక్‌లే లేకుండా చాసిస్‌కు గొట్టాలు వెల్డింగ్ చేసిన బాబర్లు కొన్ని తిరుగుతున్నాయి. అది కొనాలనుకుంటున్నవాళ్లు వదిలేయండి. ఇప్పటికే కొన్నవాళ్లు దాన్ని లోకల్ వెల్డింగ్ షెడ్‌లో తిరిగి అతికించి షాక్‌లు తగిలించే ఆలోచన మానుకోండి. షాక్ మౌంట్లు, స్వింగ్ ఆర్మ్ బిగిసే చోటు కొంచెం పక్కకు పోయినా బండి సరిగ్గా నడవదు. వేరే చాసిస్ వేద్దామంటే చాసిస్ నంబరు దాని మీదే ఉంటుంది, ఆర్‌సీతో కలవదు. రవాణా శాఖ అనుమతి లేకుండా అది చేయకూడని పని.

కాగితాల మాట వచ్చింది కాబట్టి చట్టం సంగతి కూడా. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద అలా మార్చిన ఓనర్‌కు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడే వీలుంది. మార్పులు చేసింది పాత ఓనరే అయినా, ఆర్‌సీ మీ పేరు మీదికి వచ్చాక చెక్‌పోస్టు దగ్గర సమాధానం చెప్పాల్సింది మీరే.

ఎత్తు వచ్చాక మరిచిపోయేవి

అన్నిటికంటే ముందు సైడ్ స్టాండ్. బండిని దించినప్పుడు స్టాండు పొడుగైపోయి బండి నిటారుగా నిలబడుతుంది, ఏ గాలికో పడిపోతుంది. అందుకని దాన్ని కోసి పొట్టి చేస్తారు. ఇప్పుడు మీరు ఎత్తు పెంచగానే ఆ పొట్టి స్టాండు మీద బండి ఎడమకు బాగా వాలిపోతుంది. 195 కిలోల బండి మెత్తటి మట్టిలో అట్లా వాలితే స్టాండు దిగబడి పడిపోతుంది, పక్కన పిల్లలుంటే ఇంకా ప్రమాదం. ముక్క వెల్డింగ్ పెట్టించడం కంటే కంపెనీ స్టాండు కొనడం మంచిది, దాని ధర షాక్‌ల ముందు లెక్కలోది కాదు.

చైన్ వదులు మళ్లీ సరిచేయించండి. స్వింగ్ ఆర్మ్ కోణం మారింది కాబట్టి పాత సెట్టింగ్ పనికిరాదు. ముందు బ్రేక్ హోస్‌ను పొట్టిది వేసి ఉంటే, ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. హోస్ గానీ ఏబీఎస్ వైరు గానీ గుంజుకుపోతే అలాగే నడపకూడదు, సరైన పొడవుది వేయించాల్సిందే. హెడ్‌లైట్ దించుకోవడం మాత్రం రాత్రి గోడ ముందు నిలబెట్టి మీరే చేసుకోవచ్చు.

పని అయ్యాక, మీరు కూర్చున్నప్పుడు బండి ఎంత దిగుతోందో ఒకసారి కొలిపించండి. చక్రం గాల్లో ఉన్నప్పటి కొలతకూ, మీరు ఎక్కి కూర్చున్నప్పటి కొలతకూ తేడా మొత్తం ట్రావెల్‌లో మూడో వంతుకు మించకూడదు. 130 ఉన్న క్లాసిక్ ఫోర్క్‌లో అది నలభై మిల్లీమీటర్ల చుట్టుపక్కల. వెనక మించితే ప్రీలోడ్ ఒక మెట్టు పెంచండి.

చివరగా, స్టైల్ కోసం కాకుండా కాళ్లు నేలకు అందక దించుకున్నవాళ్లు ఉంటారు. కొత్త క్లాసిక్ సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు, పొట్టివాళ్లకు అది నిజంగానే ఇబ్బంది. మీరు షాక్‌లను అసలు పొడవుకు తెచ్చుకుని, సీటును సీట్ కవర్ల షాపుకు తీసుకెళ్లండి. ముందు భాగంలో ఫోమ్‌ను అంగుళం దాకా తీయించి, రెండు పక్కలా తొడలు ఆనే చోట సన్నగా కోయించండి. పక్కలు సన్నబడితే కాళ్లు వెడల్పుగా చాపాల్సిన పని లేకుండా నేరుగా కిందికి దిగుతాయి, తీసిన అంగుళం కంటే ఎక్కువే కలిసొస్తుంది. మరీ పల్చగా మాత్రం కోయించకండి, కింద ప్లేటు తగిలితే హైదరాబాద్ దాకా కూర్చోలేరు. దానికీ అందకపోతే సీటు ఎత్తు 765 ఉన్న మీటియర్, 737 ఉన్న అవెంజర్ లాంటి బండికి మారడం గురించి ఆలోచించండి. వాటికి కూర్చునే ఎత్తు తక్కువ, గ్రౌండ్ క్లియరెన్స్ మాత్రం కొత్త క్లాసిక్‌కు దాదాపు సమానం.